‘ఎట్ విల్’ అంటే నోరు మూసుకోమని కాదు

అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఎవరి ఉద్యోగమైనా పోయిందన్న మెసేజి పడితే చాలు, ఓదార్పుకన్నా ముందు తీర్పు వచ్చేస్తుంది. ‘‘ఇక్కడంతా ఎట్ విల్ బ్రదర్. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేస్తారు, ఎందుకని అడిగే హక్కు మనకు లేదు. ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టేసి, వచ్చిందేదో తీసుకుని, ఇంకో ఎంప్లాయర్‌ని వెతుక్కో.’’ పదేళ్లు, ఇరవయ్యేళ్లు అక్కడున్న సీనియర్లు చెప్పే మాట ఇది. కొత్తగా వెళ్లినవాళ్లు దాన్నే చట్టమనుకుంటారు. ఈ మాట ఇప్పుడు హైదరాబాద్ దాకా వచ్చింది. ఇక్కడి ఐటీ ఉద్యోగులూ తమ ఆఫర్ లెటర్ల గురించి ఇదే ధోరణిలో మాట్లాడుకుంటున్నారు.

ఆ వాదనలో బలం లేకపోలేదు. ముందు దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. నిర్ణీత కాలానికి ఒప్పందమేదీ లేనప్పుడు యజమాని గానీ ఉద్యోగి గానీ ఏ క్షణాన్నైనా, నోటీసు లేకుండా, కారణం చెప్పకుండా ఉద్యోగాన్ని ముగించవచ్చు. అమెరికాలోని 50 రాష్ట్రాల్లో 49 చోట్ల మామూలు సూత్రం ఇదే. మోంటానా ఒక్కటే 1987లో చట్టం చేసి, ప్రొబేషన్ దాటిన ఉద్యోగిని తీసేయడానికి తగిన కారణం ఉండాలంది. ఆఫర్ లెటర్లో రెండో పేజీలోనో మూడో పేజీలోనో ఎట్ విల్ పేరా ఉంటుంది, దాని కింద మన సంతకమూ ఉంటుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకైతే ఉద్యోగం పోయాక చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఇంటి మార్ట్‌గేజి, పిల్లల బడి, గంటల లెక్కన ఫీజు తీసుకునే లాయర్లు. ఇవన్నీ కళ్లముందు కనబడుతుంటే ‘గొడవెందుకు’ అన్నవాణ్ని పిరికివాడని ఎవరూ అనలేరు.

గొడవ పడాలా వద్దా అన్నది ఎవరి నిర్ణయం వాళ్లది. కానీ ఆ నిర్ణయం తీసుకునే ముందు మనిషికి తన చేతిలో ఏముందో తెలియాలి. ‘హక్కుల్లేవు’ అనే మాట ఆ తెలుసుకునే అవకాశాన్నే మూసేస్తోంది. పైగా అది నిజం కాదు.

1. కారణం చెప్పనక్కర్లేదు సరే, ఏ కారణమైనా చెల్లుతుందా?

ఎట్ విల్ సూత్రానికి మూలం ఏ రాజ్యాంగ నిబంధనా కాదు. 1877లో హొరేస్ వుడ్ అనే న్యాయవాది యజమాని-సేవకుల చట్టం మీద ఒక గ్రంథం రాశాడు. కాలపరిమితి చెప్పని కొలువు ఎప్పుడైనా ముగించదగినదేనని అందులో సూత్రీకరించాడు. కోర్టులు దాన్ని అందిపుచ్చుకున్నాయి. 1884లో టెనెసీ సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసి, మంచి కారణానికైనా, కారణం లేకపోయినా, చివరికి నీతికి విరుద్ధమైన కారణానికైనా యజమాని పనివాణ్ని తీసేయవచ్చంది. విచిత్రమేమిటంటే ఆ కేసు వేసింది ఉద్యోగం పోయిన మనిషి కాదు, చటనూగా దగ్గర ఒక దుకాణదారు. అతని కొట్లో సరుకులు కొన్న పనివాళ్లను తీసేస్తామని రైల్వే కంపెనీ బెదిరించింది. బేరం పోయిన షావుకారు కోర్టుకెక్కితే వచ్చిన తీర్పది.

మన గ్రూపుల్లో తిరిగే మాట అక్షరాలా ఆ 1884 నాటి మాటే. ఆ తర్వాత జరిగిందంతా దాన్ని కోసుకుంటూ వచ్చిన చరిత్ర. యూనియన్ పెట్టుకున్నందుకు గానీ, జీతభత్యాల గురించి తోటివాళ్లతో కలిసి మాట్లాడుకున్నందుకు గానీ తీసేయకూడదని 1935 చట్టం చెప్పింది. జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం కారణాలు కాకూడదని 1964 పౌరహక్కుల చట్టం. నలభై దాటిన వయసు కారణం కాకూడదని 1967 చట్టం. గర్భం కారణం కాకూడదని 1978లో, వైకల్యం కారణం కాకూడదని 1990లో. బిడ్డ పుట్టినందుకో అమ్మకు బాగోలేనందుకో తీసుకున్న సెలవు కారణం కాకూడదని 1993లో. లిస్టెడ్ కంపెనీలో లెక్కల మోసం బయటపెట్టడం కారణం కాకూడదని 2002లో. వీటిలో చాలావాటికి కంపెనీలో ఇంతమంది ఉండాలనే షరతుంది. 1964 చట్టానికి 15 మంది, వయసు చట్టానికి 20, కుటుంబ సెలవుకు 50. ‘మాది చిన్న కన్సల్టెన్సీ, మాకవేవీ వర్తించవు’ అనేవాళ్లు మాత్రం 1866 నాటి పౌరహక్కుల చట్టాన్ని మరచిపోతారు. జాతి, వంశమూలాల వివక్ష విషయంలో దానికి తలల లెక్క లేదు.

రాష్ట్రాల కోర్టులూ ఊరుకోలేదు. శాసనసభ కమిటీ ముందు అబద్ధం చెప్పమంటే నిజం చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి కేసులో, అలా తీసేయడం చెల్లదని కాలిఫోర్నియా కోర్టు 1959లోనే తేల్చింది. కంపెనీ తన హ్యాండ్‌బుక్‌లో రాసుకున్న తొలగింపు పద్ధతి, స్పష్టమైన మినహాయింపు రాసుకోకపోతే, ఒప్పందంలాగే కట్టిపడేస్తుందని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. జార్జియా కోర్టులు మాత్రం ఇలాంటి దారులు తెరవలేదు. కాబట్టి అట్లాంటాలో ఉన్న పెద్దనాన్న కొడుకు అనుభవం మీద న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్నవాడు సలహా తీసుకోవడం ప్రమాదం. ఒకే దేశం, ఒకే సూత్రం, కానీ రెండు వేరువేరు చట్టాలు.

ఈ వాదనలో అన్నిటికన్నా పెద్ద కంత ఇంకొకటుంది. ‘వాళ్లు కారణం చెప్పనక్కర్లేదు’ అన్నది తొలగించే రోజు వరకే నిజం. వివక్ష జరిగిందని ఉద్యోగి ప్రాథమికంగా చూపించగలిగితే, చట్టబద్ధమైన కారణమేదో కంపెనీ ముందుకొచ్చి చెప్పాల్సిందేనని 1973లో అమెరికా సుప్రీంకోర్టు పద్ధతి నిర్ణయించింది. ఆ చెప్పిన కారణం అబద్ధమని తేలితే, దాని వెనక వివక్షే ఉందని జ్యూరీ అనుకోవచ్చని 2000లో చెప్పింది. మార్చిలో ‘రీఆర్గనైజేషన్’ అని, జూన్‌లో ‘పెర్ఫార్మెన్స్’ అని, ఆగస్టులో ‘క్లయింట్ బడ్జెట్’ అని మాట మార్చిన కంపెనీ తన కేసును తానే పాడుచేసుకుంటుంది. అందుకే హెచ్‌ఆర్ వాళ్లు మౌనంగా ఉంటారు. మన గ్రూపులు ఆ మౌనాన్ని అధికారమనుకుంటున్నాయి. చాలాసార్లు అది లాయరు చెప్పిన జాగ్రత్త.

2. హక్కులే లేకపోతే డబ్బెందుకిస్తున్నారు?

దీనికి మన సీనియర్ల దగ్గర జవాబు లేదు. ఉద్యోగం తీసేస్తే సెవరెన్స్, అంటే తొలగింపు పరిహారం, ఇవ్వాలని అమెరికా ఫెడరల్ చట్టమేదీ లేదు. ఎట్ విల్ అంటే నిజంగానే ‘ఏమైనా చేయొచ్చు’ అయితే, రెండు నెలల జీతమో, ఏడాదికో వారం లెక్కనో లాభాల కోసం బతికే కంపెనీ ఎందుకిస్తుంది? జాలితోనా?

ఆ కాగితాన్ని తీరిగ్గా చదివితే అర్థమవుతుంది. మొదటి పేజీలో ఆఖరి పనిదినం, ఇచ్చే మొత్తం. మూడో పేజీకొచ్చేసరికి ఊపిరాడని ఒకే పేరాలో చట్టాల జాబితా ఉంటుంది: టైటిల్ 7 (1964 పౌరహక్కుల చట్టంలో ఉద్యోగాల భాగం), వికలాంగుల చట్టం, వయసు చట్టం, కుటుంబ సెలవు చట్టం, రాష్ట్ర చట్టాలు. వీటి కింద తనకున్న దావాలన్నిటినీ ఉద్యోగి వదులుకుంటున్నాడని రాసుంటుంది. లేని హక్కును డబ్బు పెట్టి కొనేవాడు ఎక్కడా ఉండడు. ‘నీకే హక్కూ లేదు’ అని చెబుతున్న మనవాడికన్నా ఆ కంపెనీ లాయరే మన హక్కుల్ని చక్కగా, పేరుపేరునా జాబితా రాసిస్తున్నాడు.

వై2కె రోజుల్లో వెళ్లిన మన తరానికి ఇప్పుడు యాభై దాటుతున్నాయి, లేదా దాటేశాయి. వాళ్లు తప్పక చూడాల్సిన పేరా ఒకటుంది. 40 ఏళ్లు దాటిన ఉద్యోగి వయసు వివక్ష దావాను వదులుకునే సంతకం చెల్లాలంటే, 1990 చట్టం ప్రకారం ఆలోచించుకోవడానికి 21 రోజులు ఇవ్వాలి. ఒకేసారి పలువురిని తీసేసే కార్యక్రమమైతే 45 రోజులు. సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి మరో 7 రోజులు. గ్రూపుగా తీసేసినప్పుడు ఏ హోదాలో ఏ వయసువాళ్లను ఎంచుకున్నారో, ఎవర్ని ఉంచుకున్నారో పట్టిక కూడా జతచేయాలి. ఆఖరున ఎవరూ తిప్పని ఆ పేజీలో ‘సీనియర్ డెవలపర్, 52, ఎంపికైంది; సీనియర్ డెవలపర్, 31, ఎంపిక కాలేదు’ తరహాలో వరసలుంటాయి. కేసు ఉందో లేదో చాలావరకు ఆ ఒక్క పేజీయే చెబుతుంది. ఈ షరతులు పాటించకుండా తీసుకున్న సంతకం వయసు దావాను ఆపలేదని, తీసుకున్న డబ్బు తిరిగివ్వకుండానే కేసు వేయవచ్చని 1998లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ‘ఈ సాయంత్రంలోగా సంతకం పెట్టకపోతే ఆఫర్ పోతుంది’ అని యాభై రెండేళ్ల మనిషికి ఫోన్ వచ్చిందంటే అవతలివాళ్లకు చట్టం తెలియదనుకోవాలి. లేదా మనకు తెలియదని వాళ్లకు తెలుసనుకోవాలి.

నోటీసు సంగతీ అంతే. 100 మందికి పైగా ఉన్న సంస్థ పెద్దయెత్తున తొలగింపులు చేస్తే, చట్టం చెప్పిన పరిమితులు దాటినప్పుడు, 60 రోజుల ముందు చెప్పాలని 1988 ఫెడరల్ చట్టం. మన జనం దట్టంగా ఉన్న న్యూజెర్సీ 2023 ఏప్రిల్ నుంచి దాన్ని 90 రోజులు చేసింది. దానికితోడు అలాంటి సామూహిక తొలగింపుల్లో సర్వీసు ఏడాదికి వారం జీతం లెక్కన సెవరెన్స్ తప్పనిసరి చేసింది. అక్కడది కంపెనీ దయ కాదు. ఇచ్చినందుకు థాంక్యూ మెయిల్ రాసినవాళ్లున్నారు!

3. ‘వీసా మీద ఉన్నవాడికి ఏ చట్టమూ ఉండదు’

గ్రూపుల్లో అన్నిటికన్నా గట్టిగా నమ్మే మాట ఇది. అన్నిటికన్నా తప్పు మాటా ఇదే. 1964 చట్టం అమెరికా గడ్డ మీద పనిచేసే పరాయి పౌరుణ్నీ కాపాడుతుందని అక్కడి సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. (పౌరసత్వం లేదన్న కారణంతో చూపే తేడా మాత్రం ఆ చట్టం కిందికి రాదంది, అది వేరే సంగతి.) అసలు విషయం ఏమిటంటే, హెచ్-1బీ ఉద్యోగికి పౌరుడికి కూడా లేని రక్షణలు కొన్ని ఉన్నాయి.

పౌరుడికి ప్రాజెక్టు లేకపోతే కంపెనీ జీతం ఆపేసి ఇంటికి పంపొచ్చు. హెచ్-1బీ ఉద్యోగికి అలా కుదరదు. ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నా, ఎల్‌సీఏలో (వీసా కోసం కంపెనీ కార్మికశాఖకు ఇచ్చే హామీపత్రంలో) రాసిన జీతం ఇవ్వాల్సిందే. మనవాళ్ల భాషలో బెంచ్ మీద ఉన్నా జీతం రావాలి. దేశంలోకి కొత్తగా వచ్చినవాడికి, పని ఇచ్చినా ఇవ్వకపోయినా, 30 రోజుల్లోగా జీతం మొదలవాలి. ఎల్‌సీఏ నకలు ఉద్యోగి చేతికివ్వాలి. హెచ్-1బీ పిటిషన్ ఖర్చు, దాని లాయరు ఫీజు ఎంప్లాయర్ వ్యాపార ఖర్చు కిందే లెక్క. వాటిని పేస్టబ్‌లో కోసి జీతాన్ని ఎల్‌సీఏ మొత్తం కన్నా దించకూడదు. వీసా గడువు పూర్తికాకుండా తీసేస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణపు న్యాయమైన ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి. తీసేసిన సంగతి ఇమిగ్రేషన్ శాఖకు చెప్పకుండా, టికెట్ ఇవ్వజూపకుండా ‘నిన్ను తీసేశాం’ అని నోటితో అంటే సరిపోదు. తొలగింపు నిజమైందని చూపించలేకపోతే జీతం బాధ్యత కొనసాగుతుందని కార్మికశాఖ అప్పీళ్ల బోర్డు చెప్పింది.

ఈ నియమాలున్నాయని అందరికన్నా బాగా తెలిసింది వాటిని ఎగ్గొట్టేవాళ్లకే. దానికి రుజువు వాళ్లు రాయించుకునే కాగితాలే. బెంచ్ మీద ఉన్న కుర్రాడితో ‘సొంత పనుల మీద నేనే సెలవు కోరుతున్నాను’ అని మెయిల్ పెట్టిస్తారు. స్వచ్ఛందంగా తీసుకున్న సెలవుకు జీతం ఇవ్వనక్కర్లేదు కదా! తీసేసే రోజున ‘టెర్మినేషన్ అని రికార్డులో ఉంటే నీకే మంచిది కాదు తమ్ముడూ, నువ్వే రిజైన్ చేసినట్టు రాసివ్వు’ అంటారు. రిజైన్ చేసినవాడికి తిరుగు టికెట్ బాధ్యత లేదు. సామూహిక తొలగింపుల లెక్కలో అతని తల రాదు. రేపు తొలగింపు మీద ఫిర్యాదు చేద్దామంటే తొలగింపే లేదు. హక్కుల్లేని మనిషి దగ్గర ఇన్ని మెయిళ్లు, ఇన్ని రాజీనామాలు ఎందుకు పోగుచేసుకుంటున్నట్టు?

గ్రీన్‌కార్డు భయం ఇంకా లోతైంది. ‘కంపెనీతో పెట్టుకుంటే ఐ-140 వెనక్కి తీసుకుంటారు, పదేళ్ల క్యూ పోతుంది’ అంటారు. 2017 జనవరిలో అమల్లోకొచ్చిన నిబంధనల ప్రకారం, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఈ ఐ-140 పిటిషన్ మంజూరై 180 రోజులు దాటాక కంపెనీ వెనక్కి తీసుకున్నంత మాత్రాన అది రద్దు కాదు. మోసమో, ముఖ్యమైన పొరపాటో బయటపడితే తప్ప క్యూలో చోటు నిర్ణయించే ప్రయారిటీ డేట్ ఉద్యోగి వెంటే ఉంటుంది. కొత్త ఎంప్లాయర్ మళ్లీ పెర్మ్ (కార్మికశాఖ ధ్రువీకరణ) నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. కానీ క్యూలో చోటు పోదు. 60 రోజుల గ్రేస్ పీరియడ్ వచ్చిందీ ఆ నిబంధనల్లోనే. అంతకుముందు ఒక్కరోజు కూడా ఉండేది కాదని గుర్తున్న పాతవాళ్లే కొత్తవాళ్లకు పాత భయం నేర్పుతున్నారు.

ఒక మాట ఒప్పుకోవాలి. 60 రోజుల గడియారం క్రూరమైనదే. ఐ-94లో రాసిన గడువు అంతకుముందే ముగిస్తే ఆ 60 కూడా దక్కవు. కానీ ఆ క్రూరత్వం వలస చట్టానిది, ఎట్ విల్ సూత్రానిది కాదు. రెంటినీ కలిపి ఒకే ముద్ద చేసి మింగడం వల్ల, వలస చట్టం ఇచ్చిన రక్షణలు కూడా కనబడకుండా పోతున్నాయి.

4. ‘మనవాళ్ల మీద మనమే ఫిర్యాదా?’

దీన్ని వాదన అనలేం, మొహమాటం అనాలి. అయినా చాలామందిని ఆపేది ఇదే. ఎంప్లాయర్ మన జిల్లావాడు, మన కాలేజీవాడు, ఉగాదికి ఇంటికి పిలిచి పులిహోర పెట్టినవాడు. ‘అన్నా’ అని పిలిచిన నోటితో కార్మికశాఖకు ఫిర్యాదు రాయాలా అని. నాకర్థంకాని సంగతేమిటంటే, జీతం కోసేటప్పుడు ఆ బంధుత్వం ఆయనకెందుకు అడ్డురాలేదు? గడువుకు ముందే మానేస్తే కట్టాలంటూ వేలకు వేల డాలర్ల బాండు రాయించుకున్నప్పుడు? హెచ్-1బీ ఉద్యోగి ముందే మానేసినందుకు జరిమానా వసూలు చేయడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. రాష్ట్ర చట్టం ఒప్పుకునే నిజమైన నష్టపరిహారపు లెక్కకే మినహాయింపు. ఆ బాండ్లలో ఎన్ని ఈ పరీక్షకు నిలుస్తాయో రాసినవాళ్లకే తెలియాలి.

‘మనవాళ్లు’ అనే మాటకు ఇంకో కొస కూడా ఉంది. 2024 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టు జ్యూరీ, కాగ్నిజెంట్ సంస్థ భారతీయేతర ఉద్యోగుల పట్ల ఉద్దేశపూర్వక వివక్ష చూపిందని తేల్చింది. ఆ తీర్పు మీద అప్పీలుకు వెళతామని కంపెనీ అంది. తీర్పు మనకు రుచించినా రుచించకపోయినా అది రుజువు చేసింది ఒకటుంది. కేసు వేసినవాళ్లూ ఎట్ విల్ ఉద్యోగులే. వాళ్లెవరూ ‘మనకు హక్కుల్లేవు’ అనుకుని ఇంట్లో కూర్చోలేదు. అదే చట్టం మనకూ ఉంది.

5. ఖర్చు, బ్లాక్‌లిస్టు, ఓటమి

ఇది నిజాయితీ ఉన్న అభ్యంతరం. కేసులు ఓడిపోతాయి. వివక్ష కేసుల్లో గెలవడం తేలిక కాదు. చాలా కంపెనీలు చేరేటప్పుడే ఆర్బిట్రేషన్ ఒప్పందం రాయించుకుంటాయి. దాంట్లో అందరూ కలిసి దావా వేయకూడదన్న షరతు చెల్లుతుందని 2018లో సుప్రీంకోర్టు అంది. ఇవన్నీ ఒప్పుకుంటాను.

కానీ కోర్టుకెక్కడం ఆఖరి మెట్టు. మన సలహాదారులు ఆ ఆఖరి మెట్టునే మొదటి మెట్టుగా చూపించి భయపెడుతున్నారు. ఈఈఓసీ అనే సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉన్నా, సెవరెన్స్ మీద సంతకం పెట్టినా ఆ ఫిర్యాదు ఇచ్చే హక్కు పోదు. హెచ్-1బీ జీతం ఎగ్గొట్టడం మీద కార్మికశాఖకు డబ్ల్యూహెచ్-4 ఫారం పూర్తిచేసి పంపడానికీ ఖర్చులేదు. ఫిర్యాదు చేసినందుకు వేధించడం మరో చట్ట ఉల్లంఘన. మూల ఫిర్యాదు నిలబడకపోయినా ప్రతీకారపు ఫిర్యాదు గెలిచిన సందర్భాలున్నాయి. కంపెనీ కక్షసాధింపు వల్లే స్టేటస్ దెబ్బతిన్నదని చూపగలిగితే, ఆ డబ్ల్యూహెచ్-4ను ఇమిగ్రేషన్ శాఖ ప్రత్యేక పరిస్థితికి ఆధారంగా పరిగణించవచ్చు కూడా.

అసలు నష్టం ఎక్కడ జరుగుతోందంటే, గడువుల్లో. మార్చి 2న ఫోన్ చేసి, ఆ రోజే ఆఖరి రోజన్నారనుకుందాం. గ్రేస్ పీరియడ్ మే 1తో ముగుస్తుంది. నలభై దాటి, గ్రూపుగా తీసేసినవాళ్లలో ఉంటే సంతకానికి ఏప్రిల్ 16 దాకా వ్యవధి. ఈఈఓసీ ఫిర్యాదుకు ఆగస్టు 29, అంటే 180 రోజులు. రాష్ట్ర సంస్థ కూడా ఉన్నచోట 300 రోజులు, డిసెంబరు 27. డబ్ల్యూహెచ్-4కు 12 నెలలు. మే 1 తప్ప మిగతావేవీ మన గ్రూపుల్లో ఎవరూ చెప్పరు. ఇంకో మెలిక. ‘రెండు నెలలు పేరోల్‌లో ఉంచుతాం’ అన్నప్పుడు గ్రేస్ పీరియడ్‌ను సాధారణంగా జీతం ఇచ్చిన ఆఖరి రోజు నుంచి లెక్కిస్తారు. వివక్ష ఫిర్యాదు గడువు మాత్రం తీసేస్తున్నామని తెలియజేసిన రోజు నుంచే మొదలవుతుంది. రెంటికీ ఒకటే లెక్క అనుకున్నవాడు రెండు నెలలు నష్టపోతాడు. కొత్త ఉద్యోగం దొరికి, ఇల్లు సర్దుకుని, పిల్లల్ని కొత్త బళ్లో చేర్చి, ఇక అడుగుదామా అనుకునేసరికి 180 రోజులు దాటిపోతాయి. అతని హక్కును కంపెనీ లాక్కోలేదు. ‘లేదు’ అన్న మాట నమ్మి అతనే గడువు దాటబెట్టాడు.

బ్లాక్‌లిస్టు సంగతి. కన్సల్టెన్సీల చిన్న ప్రపంచంలో మాట పాకుతుంది, కాదనను. కానీ ఇదే బెదిరింపుతో ప్రతి ఒక్కరినీ ఆపగలిగితే, రేపు బెంచ్ మీద జీతం ఎగ్గొట్టడానికి వాళ్లకు చట్టంతో పనేముంది?

6. ‘మనకూ అదే కావాలి’

ఈ మాట ఇక్కడి పెద్దమనుషులది. హైర్ అండ్ ఫైర్ వల్లే అమెరికా ముందుకుపోయింది, మన చట్టాలు ఆ స్వేచ్ఛ ఇవ్వకపోవడం వల్లే కంపెనీలు రావడం లేదు అంటుంటారు. హైటెక్‌సిటీలో బస్ స్టాపు పక్కనే అద్దాల మేడలు చూస్తూ ఆ మాట ఎలా అనగలుగుతారో తెలియదు. అయినా, అమెరికాలో ఎట్ విల్ ఎవరికి వర్తిస్తుందో చూడండి. యూనియన్ ఒప్పందాలున్నచోట తగిన కారణం లేకుండా తీసేయలేరు. శాశ్వత ప్రభుత్వోద్యోగిని తీసేయాలంటే ముందు అతని మాట వినాలని 1985లోనే సుప్రీంకోర్టు అంది. పెద్ద కంపెనీల సీఈఓలకు, తీసేస్తే ఎంత చెల్లించాలో ముందే రాసుకున్న కాంట్రాక్టులుంటాయి. కారణం లేకుండా తీసేస్తే తన వాటా ఎంతో పైసలతో సహా రాయించుకున్న మనిషే, కిందివాళ్లకు కారణం అక్కర్లేదని ఉపన్యాసం ఇస్తాడు.

ఇక ఇక్కడి ఆఫర్ లెటర్లలోకి అరువు తెచ్చుకున్న ‘ఎప్పుడైనా, ఏ కారణం లేకుండా’ అనే వాక్యం సంగతి. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. దాని 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. నిర్వహణ హోదాలో ఉన్నవాళ్లకు మినహాయింపుంది, కాబట్టి ప్రతి ‘మేనేజర్’కూ వర్తిస్తుందనడం లేదు. ఐటీ కంపెనీలకు ప్రభుత్వాలు పనివేళలు, మూసే రోజులు, రాత్రి పని లాంటి సెక్షన్ల నుంచి మినహాయింపులిచ్చాయి. ఆ ఉత్తర్వుల్లో 47వ సెక్షన్ కూడా ఉందో లేదో ముందు చూసుకోవాలి. 2025 నవంబరులో వచ్చిన కార్మిక కోడ్‌లు కేంద్ర చట్టాల స్థానంలో వచ్చాయి. ఇది రాష్ట్ర చట్టం. శాశ్వత ఉద్యోగిని కారణం లేకుండా మూడు నెలల నోటీసుతో పంపేసే నిబంధన, బలవంతుడు బలహీనుడి మీద రుద్దిన ఒప్పందమని, కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదని మన సుప్రీంకోర్టు 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో కొట్టేసింది. అది ప్రభుత్వరంగ సంస్థ కేసు కాబట్టి ప్రైవేటు కంపెనీకి యథాతథంగా అంటించలేం. కానీ ‘సంతకం పెట్టావు కాబట్టి అంతా అయిపోయింది’ అనే వాదనకు మాత్రం ఆ తీర్పులో చోటు లేదు.

కాబట్టి గ్రూపు అడ్మిన్లకు, సీనియర్లకు నేరుగా చెబుతున్నాను. ఇకమీదట ఎవరి ఉద్యోగమైనా పోయిందని మెసేజి పడితే, చేతనైతే నాలుగు ప్రశ్నలు అడగండి. వయసెంత, ఏ రాష్ట్రం, ఎంతమందిని తీసేశారు, ఆ కాగితం మీద సంతకం పెట్టావా లేదా. ఆ రాష్ట్రంలో ఉద్యోగుల పక్షాన వాదించే లాయరు ఎవరైనా తెలిస్తే నంబరు ఇవ్వండి. మొదటి సంప్రదింపు ఉచితంగా చేసేవాళ్లున్నారు, గెలిస్తేనే వాటా తీసుకునేవాళ్లున్నారు. అదీ చేతకాకపోతే ‘ఎట్ విల్ బ్రదర్, సంతకం పెట్టేయ్’ అని మాత్రం రాయకండి. ఆ సలహాకు ఫీజు చెల్లించేది మీరు కాదు.